లోకజ్ఞానము - పోటీపరీక్షలు - మన పిల్లలు

మన పాఠశాలకు పిల్లలను పంపుచున్న తల్లిదండ్రుల మనస్సులలో రెండు సందేహములు తరచుగా మెదలుచుండును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్ల రేపు పోటీపరీక్షలలో నెగ్గుకొని రాగలదా యనునది మొదటిది. ఆ పరీక్షలలో అడుగు లోకజ్ఞానమును, వర్తమాన విషయములను నేర్పుటకు ఏ పుస్తకము కొనిపెట్టవలె ననునది రెండవది. మొదటి సందేహమునకు సమాధానము దొరకక కొందరు పిల్లలను నడుమనే ఆంగ్ల మాధ్యమమునకు మార్చుచున్నారు. రెండవదానికి సమాధానముగా బజారున దొరకు ప్రశ్నోత్తరముల పుస్తకమును కొని బట్టీ పట్టించుచున్నారు. ఈ రెండు పనులకును పూనుకొనుటకు ముందు అసలు విషయమును కొంత తెలిసికొనుట మేలు. ఆ యుద్దేశముతోనే ఈ వ్యాసము వ్రాయబడినది.

పరీక్షలో అడుగున దేమి?

కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను వారు జరుపు సివిల్ సర్వీసు పరీక్షను ఉదాహరణముగా తీసికొందము. అది మూడు మెట్లు గలది. ప్రాథమిక పరీక్షలో మొదటి పత్రము లోకజ్ఞానమునకు సంబంధించినది. అందు 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండవ పత్రమున 33 శాతము మార్కులు వచ్చిన చాలును. తరువాతి మెట్టునకు ఎవరు పోవలెనో మొదటి పత్రపు మార్కులే నిర్ణయించును. ప్రధాన పరీక్షలో లెక్కకు వచ్చు 1,750 మార్కులలో నాలుగు సామాన్య అధ్యయన పత్రములకే 1,000 మార్కులు కలవు. వ్యాసపత్రమునకు 250, ఐచ్ఛిక విషయమునకు 500. ఆ పిమ్మట 275 మార్కుల మౌఖిక పరీక్ష. మొత్తము 2,025. ఇందు దాదాపు సగము లోకజ్ఞానము మీదనే ఆధారపడియున్నదని గ్రహింపవచ్చును.

ప్రాథమిక పరీక్ష మొదటి పత్రమున ఒక్కొక్క ప్రశ్నకు 2 మార్కులు. తప్పు సమాధానమునకు అందులో మూడవ వంతు కోత విధింతురు. అనగా మూడు తప్పులు ఒక ఒప్పును హరించును. సగము సగము జ్ఞాపకమున్న విషయము అసలు తెలియని విషయముకంటె ఎక్కువ నష్టము కలిగించుటకు కారణ మిదియే. తెలియనివాడు ప్రశ్నను వదలివేయును. బట్టీపట్టి మరచినవాడు తెలియుననుకొని తప్పు గుర్తించును.

పాఠ్యప్రణాళికలో వర్తమాన విషయములను గురించి ఉన్నది ఒక్క పంక్తి మాత్రమే: జాతీయముగను అంతర్జాతీయముగను ప్రాముఖ్యము గల సంఘటనలు తెలిసియుండవలె నని. దీనికి హద్దు లేదు. హద్దు లేని దానిని ఒక పుస్తకమున బంధించుట ఎట్లు? కావున పుస్తకమును వెదకుటకంటె, వార్తను చదువు పద్ధతిని నేర్పుట ముఖ్యము. ఆ పద్ధతి ఎట్టిదో మన జిల్లాలోని ఒక వార్తతోనే చూపుదును.

ఒక్క వార్త - నాలుగు పాఠములు

ప్రతి సంవత్సరము జూలై 1వ తేదీన వచ్చు వార్త యొకటి కలదు. "బాభలీ ఆనకట్ట గేట్లు ఎత్తివేసిరి" అనునదే ఆ వార్త. నాందేడ్ నుండి పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకై బాసరకు రైలులో వెళ్ళువారికి ధర్మాబాదు తెలిసిన ఊరే. ఆ ధర్మాబాదు ప్రాంతమున గోదావరిపై మహారాష్ట్ర ప్రభుత్వము నిర్మించిన ఆనకట్టయే బాభలీ. దానికి 14 గేట్లు, నిలువసామర్థ్యము 2.74 టి.ఎం.సి. ప్రశ్నోత్తరముల పుస్తకము ఇంతవరకు చెప్పి ఊరకుండును. పిల్లవానికి నేర్పవలసినది ఇటుపైననే ఆరంభమగును.

మొదటిది భూగోళము. గోదావరి నాసిక్ జిల్లాలోని త్ర్యంబకేశ్వరమున జనించి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియును. మన దేశమున గంగ తరువాత ఇదియే పొడవైన నది. పైఠణ్ వద్ద జాయక్‌వాడీ జలాశయమును దాటి నాందేడ్ చేరి, బాభలీని దాటిన పిమ్మట నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద మంజీరతో కలిసి తెలంగాణమున ప్రవేశించును. బాసర మీదుగా పోయి పోచంపాడు వద్ద శ్రీరామసాగర జలాశయమున నిండును. ఆ ప్రాజెక్టునకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. పిల్లవాడు పటముపై వ్రేలుపెట్టి ఈ మార్గమును ఒక్కమారు గీసికొనినచో ఎన్నటికిని మరువడు. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సుమారు 2,831 కోట్ల లీటర్లు. ఈ లెక్కను వానిచేతనే చేయింపుడు.

రెండవది చరిత్ర. ఒకే నదిపై నున్న ఈ రెండు జలాశయముల నడుమ తగవు ఎందుకు వచ్చెను? 1956 అక్టోబరు 31వ తేదీ వరకు పైఠణ్, నాందేడ్, నిజామాబాదు అన్నియు హైదరాబాదు రాష్ట్రములోనివే. ఇచ్చట గోదావరికి సరిహద్దు అనునది లేదు. ఆ మరునాడు, నవంబరు 1వ తేదీన, రాష్ట్రముల పునర్విభజన చట్టము అమలులోనికి వచ్చెను. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమునకును, తెలంగాణము ఆంధ్రప్రదేశమునకును చేరెను. 1960 మే 1న బొంబాయి రాష్ట్రము చీలి మహారాష్ట్ర అవతరించెను. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమయ్యెను. నది మారలేదు, గట్టు మారలేదు, గీత మారినది. ఆ గీతయే నేటి వార్తకు మూలము.

మూడవది రాజ్యాంగము. అంతర్రాష్ట్రీయ నదీజలముల వివాదములను గురించి 262వ అధికరణము చెప్పుచున్నది. దానిని అనుసరించి పార్లమెంటు 1956లోనే అంతర్రాష్ట్రీయ నదీజల వివాదముల చట్టమును చేసెను. ఆ చట్టముక్రింద 1969లో బచావత్ అధ్యక్షతన గోదావరి ట్రిబ్యునలు ఏర్పడి 1980లో తుది తీర్పు చెప్పెను. అంతకు ముందే, 1975 అక్టోబరు 6న, మహారాష్ట్రయు ఆంధ్రప్రదేశును ఒక ఒప్పందమునకు వచ్చియుండెను. పైఠణ్ ఎగువ నీరంతయు మహారాష్ట్ర వాడుకొనవచ్చు ననియు, పైఠణ్ దిగువ నుండి పోచంపాడు వరకు గల భాగమున క్రొత్త ప్రాజెక్టులకు 60 టి.ఎం.సి. వరకు వాడుకొనవచ్చు ననియు అందులో కలదు. అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి శంకర్‌రావ్ చవాన్ నాందేడ్ నుండి ఎదిగిన నాయకులే. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు.

బాభలీ ఆనకట్ట శ్రీరామసాగరపు ముంపు పరిధిలో కట్టబడుచున్నదనియు, ఒప్పందమునకు భంగము కలుగుచున్నదనియు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో సుప్రీంకోర్టున దావా వేసెను. ఒక రాష్ట్రము మరియొక రాష్ట్రముపై నేరుగా సుప్రీంకోర్టున వ్యాజ్యము వేయుటకు వీలు కల్పించునది 131వ అధికరణము. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వెలువడెను. మహారాష్ట్ర ఆనకట్టను నిలుపుకొనవచ్చును. కాని జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తియే యుంచవలెను. మార్చి 1వ తేదీన 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు వదలవలెను. దీనిని కనిపెట్టుటకు ముగ్గురు సభ్యుల సంఘము నియమింపబడినది. జూలై 1వ తేదీ వార్తకు కారణము ఇప్పుడు తేటపడినది గదా!

నాలుగవది ఆర్థికవిషయము. వర్షఋతువున వచ్చు వరదతో శ్రీరామసాగరము నిండవలెను; అందుచే ఆ నాలుగు నెలలు గేట్లు తెరచియుంచుట. వర్షములు వెనుకబడిన పిదప పారు నీటిని ధర్మాబాదు, బిలోలి ప్రాంతపు రైతులు నిలుపుకొనవలెను. అందుచే అక్టోబరు 28 తరువాత మూయుట. ఎగువ రైతునకు రెండవపంట, త్రాగునీరు. దిగువ రైతునకు కాలువనీరు. ఎవరి యవసరమును చిన్నది కాదు.

ఇచ్చట మన పిల్లలకు గల ఒక విశేషమును తల్లిదండ్రులు గుర్తింపవలెను. ఈ వార్తను నాందేడ్‌లోని మరాఠీ పత్రిక యొక తీరున వ్రాయును. మన నీరు దిగువకు పోవుచున్నదని అందలి ధ్వని. తెలుగు పత్రిక వేరొక తీరున వ్రాయును. ఆగిన నీరు వచ్చుచున్నదని అందలి ధ్వని. పూనాలో పెరిగిన బాలుడు మొదటిదానినే చదువును. కరీంనగరమున పెరిగిన బాలుడు రెండవదానినే చదువును. మన పిల్ల రెండింటిని చదువగలదు. ఉభయపక్షముల వాదమును తూచి నిష్పక్షపాతముగా సమాధానము వ్రాయగలవానినే ప్రధాన పరీక్షలోను, మౌఖిక పరీక్షలోను మెచ్చుకొందురు. ఈ లాభమును తెలుగు విడిచిపెట్టినచో మనము చేజేతుల పోగొట్టుకొన్నవార మగుదుము.

మన పాఠశాలయే ఒక పాఠము

మరియొక ఉదాహరణము. మన పాఠశాల భాషాల్పసంఖ్యాకుల పాఠశాల. ఈ మాటకు అర్థమేమని పిల్లల నడుగుడు. పెక్కుమంది చెప్పలేరు. రాజ్యాంగములోని 30వ అధికరణము మతమును బట్టి గాని, భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులైనవారికి తమ విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. అల్పసంఖ్యాకు లెవరో దేశమునంతటిని బట్టి గాక రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలె నని, 2002 అక్టోబరు 31న పదునొకండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషను వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కావున నాందేడ్‌లో తెలుగువారు అల్పసంఖ్యాకులు. హైదరాబాదులో మరాఠీవారు అల్పసంఖ్యాకులు. ఇద్దరికిని కాపు ఒకే అధికరణము.

1953లో నియమింపబడిన ఫజల్ అలీ సంఘము 1955లో తన నివేదికను సమర్పించెను. గీత ఎంత జాగ్రత్తగా గీసినను ఇరుప్రక్కల ఇతరభాషల వారు మిగులుట తప్పదు. మన జిల్లాయే దీనికి సాక్ష్యము. 1956లో దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ భాగములును, ముధోల్, భైంసా భాగములును నాందేడ్ జిల్లా నుండి తీసి తెలుగు ప్రాంతమున చేర్చిరి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకా ఇటు చేరెను. ఇట్లు మిగిలినవారి పిల్లలకొరకే అదే సంవత్సరము ఏడవ రాజ్యాంగ సవరణచే 350-ఎ, 350-బి అధికరణములు క్రొత్తగా చేర్చబడినవి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రము యత్నింపవలె నని మొదటిది చెప్పును. భాషాల్పసంఖ్యాకులకొరకు ప్రత్యేకాధికారిని నియమింపవలె నని రెండవది చెప్పును. తాను కూర్చున్న బల్లకు రాజ్యాంగములో చోటున్నదని తెలిసిన పిల్లవానికి ఆ అధికరణపు సంఖ్య బట్టీపట్టవలసిన పని యుండదు.

ఏ పరీక్షను ఏ భాషలో వ్రాయవచ్చును?

ఇక మొదటి సందేహమునకు వత్తము. ఇందు ఆశను గాని, నిరాశను గాని పెంచక ఉన్నది ఉన్నట్లు చెప్పుట న్యాయము.

సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షను 1979 నుండి రాజ్యాంగములోని ఎనిమిదవ షెడ్యూలులో చేరిన భాషలలో వ్రాయవచ్చును. ఆ షెడ్యూలులో 1950లో 14 భాషలుండెను. నేడు 22 కలవు. తెలుగును మరాఠీయు మొదటినుండియు ఉన్నవే. తెలుగు సాహిత్యమును ఐచ్ఛిక విషయముగా కూడ ఎన్నుకొనవచ్చును. తప్పనిసరి భారతీయ భాషాపత్రమునకు మన పిల్లలు తెలుగునే ఎన్నుకొనవచ్చును. ఏ రాష్ట్రమున నివసించుచున్నను అభ్యంతరము లేదు. శ్రీకాకుళము జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016వ సంవత్సరపు సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాసి, తెలుగు సాహిత్యమును ఐచ్ఛికముగా గైకొని, మౌఖిక పరీక్షలో సైతము తెలుగుననే సమాధానములు చెప్పి, దేశమున మూడవ స్థానమును పొందిరి. కాని ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రము హిందీ, ఆంగ్లములలో మాత్రమే యుండును. అందుచేత ప్రశ్నను వెంటనే అర్థము చేసికొనునంతటి ఆంగ్లము గాని, హిందీ గాని తప్పదు.

స్టాఫ్ సెలెక్షన్ కమిషను వారు 2023లో మల్టీ టాస్కింగ్ ఉద్యోగుల పరీక్షను హిందీ, ఆంగ్లములకు తోడు 13 ప్రాంతీయభాషలలో జరిపిరి. అందు తెలుగు కలదు, మరాఠీయు కలదు. రైల్వే నియామక పరీక్షలను కూడ తెలుగున వ్రాయవచ్చును. 'నీట్' వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు తెలుగు ప్రశ్నపత్రమున్నది. అయితే ఇటీవలి ప్రకటనలను బట్టి దానిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని కేంద్రములలోనే ఇత్తురు. నాందేడ్‌లో కూర్చుండి తెలుగు పత్రమును కోరుటకు వీలులేదు. దరఖాస్తు పెట్టుటకు ముందే ఈ సంగతి తెలిసియుండవలెను.

మహారాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షలకు మరాఠీ, ఆంగ్లములే మాధ్యమములు. ప్రధాన పరీక్షలో మరాఠీ పత్రము తప్పనిసరి. మనము నివసించు రాష్ట్రము మహారాష్ట్రము. మన పిల్లలకు మొదటి తలుపు ఇదియే. ఈ రాష్ట్ర శాసనసభ 2020లో చేసిన చట్టముచే అన్ని పాఠశాలలలో మరాఠీ బోధన విధింపబడినది. దీనిని కేవలము ఒక విధిగా నెంచక, పిల్లలు మరాఠీలో చక్కగా వ్రాయునట్లు శ్రద్ధ వహింపవలెను. వీధిలో మాటలాడు మరాఠీ వేరు, పరీక్షలో వ్రాయు మరాఠీ వేరు. 2008లో తెలుగునకును, 2024 అక్టోబరులో మరాఠీకిని కేంద్రప్రభుత్వము ప్రాచీన భాషా ప్రతిపత్తి నిచ్చినది. రెండు గొప్పభాషలు బాల్యముననే లభించుట మన పిల్లల భాగ్యము.

"ఇచ్చట కాకున్న నిజామాబాదున బంధువులున్నారు, అచ్చటి ఉద్యోగములు చూచుకొందము" అని కొందరు ధైర్యము చెప్పుకొందురు. 371-డి అధికరణము ననుసరించి 2018లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము తెలంగాణమున 95 శాతము ఉద్యోగములు స్థానికులకే. ఎవరు స్థానికులో నిర్ణయించుటకు ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి వరకు చదివిన ప్రాంతమును చూతురు. నాందేడ్‌లో చదివినవారికి మిగులునది 5 శాతపు పోటీయే. ఇంట మాటలాడు భాష తెలుగైనంత మాత్రమున స్థానికత రాదు. ఈ విషయము ముందు తెలియక తరువాత చింతించుట కంటె ఇప్పుడే తెలిసికొని పిల్లలను మరాఠీయందు గట్టిపరచుట మేలు.

పై వివరములలో నియమములు అప్పుడప్పుడు మారుచుండును. కావున ఏ సంవత్సరము పరీక్ష వ్రాయుదురో ఆ సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదివి నిశ్చయించుకొనవలెను.

ఇంట చేయదగిన పని

ఇందుకు ధనము విశేషముగా అక్కరలేదు. గోడకు రెండు పటములు: ఒకటి భారతదేశము, ఒకటి మహారాష్ట్రము. వార్తలో ఊరి పేరు వచ్చిన ప్రతిదినము పిల్లచేత దానిని చూపింపవలెను. ఒక మరాఠీ దినపత్రిక ఇంటికి వచ్చునట్లు చూడవలెను. వారమున కొక్కమారైన తెలుగు పత్రికను సంపాదింపవలెను. కేంద్రప్రభుత్వము వారి 'యోజన' మాసపత్రిక తెలుగునను మరాఠీలోను వెలువడుచున్నది. పదవ తరగతి దాటిన వారికి అది ఉపకరించును.

ప్రతి పిల్లకు ఒక నోటుపుస్తకము ఈయుడు. దినమునకు ఒక్క వార్త చాలును. దానిక్రింద నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. ఇది ఎచ్చట జరిగినది? దీనికి పూర్వకథ యేమి? ఏ చట్టము ప్రకారము జరిగినది? దీనివలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము? సంవత్సరమునకు మూడువందల వార్తలు ఈ విధమున చదివిన పిల్లకు, మూడువేల ప్రశ్నలు బట్టీపట్టిన పిల్ల సాటిరాదు.

చరవాణిలో వచ్చు ప్రతి సమాచారమును నమ్మరాదు. సంవత్సరము, స్థలము, ప్రకటించిన వారి పేరు లేని వార్తను నోటుపుస్తకమున ఎక్కింపనీయకుడు. ఈ ఒక్క అలవాటు పరీక్షకే కాదు, జీవితమునకును రక్ష.

చదువురాని తల్లిదండ్రులు తమవలన ఏమగునని సంకోచింపవలదు. 1956కు పూర్వము ఈ జిల్లా ఎట్లుండెనో, ఏ గ్రామము ఏ తాలూకాలో నుండెనో, వరద వచ్చినప్పుడు గోదావరి ఎంతవరకు వచ్చెనో మన ఇండ్లలోని వృద్ధులకు తెలియును. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము విముక్తమైన సంగతిని పెద్దలవలన విన్నవారు ఇంకను మన నడుమ కలరు. స్వామి రామానందతీర్థ పేరిట 1994లో అదే సెప్టెంబరు 17న నాందేడ్ విశ్వవిద్యాలయము ఎందుకు స్థాపితమయ్యెనో అట్టివారి మాటలు విన్న పిల్లకు వేరుగా చెప్పనక్కరలేదు. సాయంకాలము భోజనమువేళ ఒక పావుగంట పిల్ల ఆ దినపు వార్తను చదువుట, పెద్దలు వినుట, తమకు తెలిసినది చెప్పుట - ఇంతకుమించిన శిక్షణ మొదటి పది తరగతులలో వేరొకటి లేదు.

లోకజ్ఞానము లోకముననే యున్నది. అది మన గుమ్మము ముందునుండియే మొదలగును. తెలుగు మాధ్యమము మన పిల్లలకు అడ్డుగోడ కాదు. అయితే అదొక్కటియే చాలదు. ఇంట తెలుగు, రాష్ట్రమున మరాఠీ, ప్రశ్నపత్రమునకు ఆంగ్లము - ఈ మూడింటిని సమముగా పోషించినచో సరిహద్దున పుట్టుట మన పిల్లలకు కొరత గాక కలిమి యగును. ఆ భారము పాఠశాల యొక్కదానిది కాదు, సగము ఇంటిది. ఈ విద్యాసంవత్సరమునుండియే ప్రతి యింట నోటుపుస్తకము తెరువబడు గాక.